షాకబ్జర్ బరువు మోయదు, ముందు ఈ సంగతి తెలుసుకుని కొనండి

మొన్న కంచిలి నుంచి మా బావ ఫోన్ చేసాడు. "బావా, బండి వెనక కూర్చుండిపోతంది, లోడేస్తే చాలు గోతిలో పడ్డప్పుడల్లా ధన్ ధన్ మని కొడతంది, మాంచి హార్డు షాకబ్జర్లు ఏవుంటాయో చెప్పు, మరీ ఖరీదైనవి మాత్రం వద్దు" అన్నాడు. నేను వెంటనే ఏ కంపెనీ పేరూ చెప్పలేదు, ముందు కింద దూరి కమాన్ పట్టీలు, అంటే బండి బరువు మోసే వంపు తిరిగిన ఇనప పట్టీల కట్ట, ఫోటో తీసి పంపించు అన్నాను. "షాకబ్జర్ అడిగితే కమాను ఏటి బావా" అని కొంచెం విసుక్కున్నాడు. ఆ విసుగు చూసాకే ఇదంతా రాయాలనిపించింది, ఎందుకంటే పికప్ బళ్ళవాళ్ళు డబ్బులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే, బండి కూర్చుంటే షాకులు మార్చడం, షాకులు పోతే ఇంకో కమాన్ పట్టీ వేయించడం. రెండూ తిరగేసి చేస్తాం.

నాది నరసన్నపేట దగ్గర. పదకొండేళ్ళుగా బొలెరో పికప్ తిప్పుతున్నాను, మొదటిది సెకండ్ హ్యాండ్, ఇప్పుడున్నది 1.7 టన్నుల బండి. ఉద్దానం నుంచి కొబ్బరి, పలాస నుంచి జీడిపిక్కలు, వేసవిలో విజయనగరం వైపు తోటల నుంచి మామిడి, ఒక్కోసారి సాలూరు మీదుగా కొండెక్కి కొరాపుట్ నుంచి అల్లం. హైవే మీద ఎంత తిరుగుతానో లోపలి రోడ్ల మీదా అంతే తిరుగుతాను. హైవే మీద ఏ షాకబ్జరైనా బాగానే ఉంటుంది. నరసన్నపేట నుంచి ఆనందపురం దాకా ఆరు లైన్ల రోడ్డు మీద పోతుంటే షాకులు చచ్చిపోయిన సంగతి కూడా తెలీదు. మడపాం టోల్ గేట్ దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు బండి నాలుగు సార్లు ఊగితే అప్పుడు తెలుస్తుంది, లేదంటే హైవే దిగి ఊళ్ళోకి తిరిగాక తెలుస్తుంది.

అసలు షాకబ్జర్ చేసే పని ఏమిటో ఒకసారి చెప్పుకుందాం, ఇది అర్థమైతే కొనేటప్పుడు సగం మోసాలు మన జోలికి రావు. చూరుకి కట్టిన ఉయ్యాలని ఒక్కసారి తోసి వదిలేయండి, దానంతట అది చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. ఎవరైనా చెయ్యి అడ్డంపెడితే రెండు ఊపుల్లో ఆగిపోతుంది. ఉయ్యాల్లో పిల్లాడి బరువు మోసేది తాడు, చెయ్యి కాదు, చెయ్యి ఆపేది ఊపుని. బండిలో తాడు లాంటిది కమాను, చెయ్యి లాంటిది షాకబ్జర్. లోపల ఆయిల్ ఉంటుంది, ఆయిల్లో పిస్టన్, పిస్టన్ కి సన్నటి బెజ్జాలు, వాల్వులు, పిస్టన్ నుంచి బయటికొచ్చే మెరిసే రాడ్డు, రాడ్డు చుట్టూ ఆయిల్ కారకుండా సీలు. చక్రం పైకి కిందకి ఆడినప్పుడల్లా ఆ బెజ్జాల్లోంచి ఆయిల్ ఇరుక్కుని ఇరుక్కుని పోవాలి, ఆ ఇరుకులోనే ఊపు చచ్చిపోయి వేడిగా మారుతుంది. అందుకే పని చేస్తున్న షాకబ్జర్ పట్టుకుంటే వేడిగా ఉంటుంది. బరువు మోయడం అనేది దాని పనే కాదు. పికప్ కి వచ్చే మామూలు షాకబ్జర్ ని చేత్తో నొక్కితే మెల్లగా లోపలికి దిగిపోతుంది. మన చేతి బరువుకే దిగేది టన్నున్నర సరుకు ఎలా మోస్తుంది చెప్పండి.

కాబట్టి "లోడు ఎక్కువ వేస్తాను, హార్డు షాకులు ఇవ్వండి" అని షాపులో అడగడం అనవసరం, అలా అడిగితే వాళ్ళు ఉన్నవాటిల్లో ఖరీదైనవి తీసి ఇస్తారు, అంతే. బండి కూర్చుంటోందంటే కమాన్ పట్టీ విరిగిందన్నా అయ్యుండాలి, పట్టీలు వంపు పోయి చదునైపోయాయన్నా అయ్యుండాలి, లేకపోతే మనం వెయ్యకూడనంత వేస్తున్నాం. ఆ మూడోదాని గురించి మనం మాట్లాడుకోం. జీడిపిక్కల బస్తా 80 కేజీలు. 21 బస్తాలేస్తే 1680 కేజీలు, 1.7 టన్నుల బండికి అక్కడితో సరి. కానీ పలాసలో ముప్ఫై బస్తాలు వేసుకుని బయల్దేరే బళ్ళు నేను రోజూ చూస్తాను, నేనూ వేసాను, ఒకప్పుడు. ముప్ఫై బస్తాలంటే 2400 కేజీలు, అంటే వెయ్యాల్సినదానికంటే ఏడు క్వింటాళ్ళు ఎక్కువ. ఆ బరువుకి యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, పైకి వెళ్ళి రబ్బరు స్టాపర్ కి ఆనుకుని కూర్చుంటుంది, ఇక కమానుకి ఆడ్డానికి చోటు లేదు, షాకబ్జర్ దాదాపు పూర్తిగా ముడుచుకునిపోయి ఉంటుంది, ప్రతి గోతికీ లోపలి వాల్వు మీద సుత్తి దెబ్బ పడ్డట్టే. ఆ బండికి ప్రపంచంలో ఎంత మంచి షాకబ్జర్ వేసినా ఒక్కటే. ఇలా అంటే కొంతమందికి కోపం వస్తుందని తెలుసు, కిరాయి గిట్టాలి కదా అంటారు, గిట్టాలి, నిజమే, కానీ ఆ తొమ్మిది బస్తాల కిరాయి ఎక్కడికి పోతోందో ఒక్క ఏడాది పుస్తకంలో రాసుకుని చూడండి, టైర్లు, పట్టీలు, బుష్షులు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు ముక్కలు), హబ్ బేరింగులు అన్నీ కలిపి.

నా సంగతి చెప్తాను. మొదటి బండి కొన్న రెండో ఏడు చేతిలో డబ్బులు లేవు, వెనక షాకులు రెండూ కారిపోయాయి. ఒక షాపులో రిపేరు చేసిన షాకబ్జర్లు ఉన్నాయన్నారు, నల్ల రంగు వేసి తళతళలాడిపోతున్నాయి, జత 1200. కంపెనీవి అప్పట్లో 2800 దరిదాపు. సగానికంటే తక్కువ కదా అని పట్టుకొచ్చాను. మా మేస్త్రీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, అడుగున బొటనవేలు పెట్టి రాసాడు, రంగు ఊడి కింద చిన్న వెల్డింగ్ చుక్క కనబడింది, శనగ్గింజంత. "ఇక్కడ బెజ్జం కొట్టీసి పాత ఆయిలు తీసీసి కొత్తది పోసీసి మూసీసారు తమ్ముడూ, లోపల సీలూ అదే, వాల్వూ అదే, ఏటి మారినాదని" అన్నాడు. అయినా వేయించాను, వేరే దారి లేదు అప్పటికి. మొదటి వారం బాగానే ఉన్నాయి. నాలుగు నెలలకి, అంటే సుమారు 9,000 కిలోమీటర్లకి, సీలు దగ్గర్నుంచి ఆయిల్ కారి దానికి దుమ్ము పట్టి నల్లటి బురద పొరలా తయారైంది. నాకు షాకులు పోయినందుకు అంత బాధ లేదు. ఒకరోజు టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ రాసుకుంటూ పోతే చెంచాతో గీకినట్టు పల్లం, మిట్ట, పల్లం, మిట్ట తగిలింది. ఊపు ఆగక టైరు రోడ్డు మీద ఎగిరెగిరి పడడం వల్ల అలా అరుగుతుంది. రెండు టైర్లు, ఇంకా ఏడాది రావలసినవి, పోయాయి. పికప్ టైరు ఖరీదు తెలిసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత వేయించిన కంపెనీ జత 55,000 కిలోమీటర్లు వచ్చింది. ఇప్పుడు లెక్క వెయ్యండి. రిపేరు జత 1200 కి 9,000 అంటే ప్రతి వెయ్యి కిలోమీటర్లకి 133 రూపాయలు. కంపెనీ జత 2800 కి 55,000 అంటే వెయ్యికి 51 రూపాయలు. టైర్లు ఈ లెక్కలో కలపలేదు. అందుకే ఎవరైనా చవకవి ఏవి అని అడిగితే నేను బిల్లు మీద రేటు చూడను, కిలోమీటర్లు ఎన్ని వస్తాయో చూస్తాను.

అలాగని మరీ ఖరీదైనవి కొనమని చెప్పట్లేదు, ఇక్కడే నా రెండో గొడవ. ఈ మధ్య కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి గ్యాస్ షాకబ్జర్లు, మోనో ట్యూబులు అంటున్నారు. మంచివే, కాదనను. కానీ ఎవరికి మంచివి? మామూలు షాకబ్జర్లో రెండు గొట్టాలుంటాయి, ఒకదానిలో ఒకటి. పిస్టన్ లోపలి గొట్టంలో ఆడుతుంది, బయటి గొట్టంలో మిగిలిన ఆయిల్, దాని పైన కొంచెం గాలి. వరసగా గతుకుల మీద ఎక్కువసేపు తోలితే ఆ గాలి ఆయిల్లో కలిసి నురగ వస్తుంది, నురగ బెజ్జంలోంచి సులువుగా జారిపోతుంది కాబట్టి షాకు కాసేపు పట్టు తప్పుతుంది. గ్యాస్ రకంలో గాలి బదులు నైట్రోజన్ కొంచెం ఒత్తిడితో నింపుతారు, నురగ తగ్గుతుంది. మోనో ట్యూబు అంటే ఒకటే గొట్టం, పిస్టన్ నేరుగా బయటి గొట్టంలోనే ఆడుతుంది, వేడి త్వరగా బయటకి పోతుంది, నురగ సమస్య దాదాపు ఉండదు. బిల్‌స్టైన్ వాళ్ళు 1957 లో మెర్సిడెస్ కార్లకి వేసినవి ఈ రకమే. కానీ ఆ ఒక్క గొట్టానికి రాయి తగిలి చిన్న సొట్ట పడిందంటే లోపల పిస్టన్ అక్కడే పట్టేస్తుంది, షాకబ్జర్ అయిపోయినట్టే. రెండు గొట్టాల దానికి బయట చిన్న సొట్ట పడ్డా లోపలి గొట్టం బాగుంటే పని చేస్తూనే ఉంటుంది. మనం క్వారీ రోడ్ల మీద, కంకర పరిచి వదిలేసిన రోడ్ల మీద తిరిగేవాళ్ళం, వెనక చక్రాలు విసిరే రాళ్ళన్నీ ఎక్కడ తగులుతాయో కింద పడుకుని చూస్తే తెలుస్తుంది. లోడు పికప్ వెనక యాక్సిల్ కి నా ఓటు మామూలు రెండు గొట్టాల హైడ్రాలిక్ షాకబ్జర్ కే. వారానికి రెండు మూడు సార్లు ఘాట్ రోడ్లు ఎక్కి దిగేవాళ్ళయితే, డబ్బు కొంచెం ఎక్కువైనా పర్వాలేదనుకుంటే, రెండు గొట్టాల్లోనే గ్యాస్ రకం దొరికితే వేసుకోండి, అంతకు మించి వద్దు.

ఇంకో మాట, ఎంత మంచివి వేసినా ఖాళీ పికప్ ఎగురుతుంది. వెనక కమాను టన్నున్నర మోయడానికి చేసింది, ఖాళీగా ఉన్నప్పుడు అది కర్రలా ఉంటుంది. కొత్త షాకులు వేయించి ఖాళీ బండి తోలి "ఏమీ తేడా లేదు, మోసం" అని షాపువాడి మీదకి వెళ్ళిన వాళ్ళని చూసాను. లోడు మీద తోలి చూడాలి.

కంపెనీ విషయానికొస్తే, మన దగ్గర సులువుగా దొరికేవి గేబ్రియల్, మన్రో. గేబ్రియల్ ఇండియా 1961 నుంచి ఇక్కడ తయారు చేస్తోంది, మహీంద్రాకి సప్లై చేసేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఇది తెలిస్తే కొంత డబ్బు మిగులుతుంది, ఎలాగంటే బండి కంపెనీ డబ్బాలో వచ్చే షాకబ్జర్ కీ, దాన్ని తయారు చేసినవాళ్ళ సొంత డబ్బాలో వచ్చేదానికీ చాలాసార్లు రేటులోనే తేడా. షోరూమ్ లో రేటు అడగండి, బయట అదే రకం రేటు అడగండి, అప్పుడు నిర్ణయం తీసుకోండి. శ్రీకాకుళంలో లేదన్నా విజయనగరంలో దొరుకుతుంది, అక్కడా లేకపోతే గాజువాక ఆటోనగర్ ఎలాగూ ఉంది. లారీల ఊరు కాబట్టి సాలూరులో కూడా మంచి షాపులున్నాయి, అక్కడ మేస్త్రీల దగ్గర నేర్చుకోడానికి చాలా ఉంటుంది, నేను కమాన్ పట్టీల గురించి తెలుసుకున్నదంతా అక్కడ బండి ఆగిపోయి రెండు రోజులు కూర్చున్నప్పుడే.

కొనేటప్పుడు డబ్బా చూడండి. పార్ట్ నంబర్ మన బండిదేనా, డబ్బా మీద నంబరూ షాకబ్జర్ ఒంటి మీద నంబరూ ఒకటేనా, తయారైన నెల, ఏడాది ఎప్పుడు. నాలుగేళ్ళ కిందట తయారై షాపు అటక మీద పడున్న దానికి రబ్బరు బుష్షులు గట్టిపడిపోయి ఉంటాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 కి తగ్గింది, అంటే పన్ను కాకుండా 1000 రూపాయలుండే వస్తువు 1280 నుంచి 1180 కి రావాలి. పాత ఎమ్మార్పీ స్టిక్కరు చూపించి అదే రేటు అడిగితే ఈ మాట మర్యాదగా అడగండి, బిల్లు కావాలని కూడా అడగండి. బిల్లు లేకపోతే వారంటీ లేదు, బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర నేను కొనను, వంద రూపాయలు తగ్గించినా సరే. నకిలీ సరుకు ఎక్కువగా వచ్చేది ఆ వంద రూపాయల దారిలోనే.

పొడుగు చాలా ముఖ్యం, దీని గురించి ఎవరూ చెప్పరు. చాలామంది లోడు కోసం ఒకటో రెండో పట్టీలు అదనంగా వేయిస్తారు, వేయిస్తే బండి వెనక రెండు మూడు అంగుళాలు లేస్తుంది. అప్పుడు పాత పొడుగు షాకబ్జర్ ఖాళీ బండిలో ఎప్పుడూ సాగదీసి ఉంటుంది, చక్రం గోతిలోకి దిగినప్పుడల్లా చివరిదాకా లాగేస్తుంది, లోపలి రాడ్డు ఊడిపోయేలా. పై కన్ను, అంటే బోల్టు దూర్చే రింగు, దగ్గర బుష్షు కోడిగుడ్డులా సాగిపోయి కనిపిస్తే కారణం ఎక్కువగా ఇదే. కాబట్టి అదనపు పట్టీ వేయించిన బండికి షాకబ్జర్ కొనేముందు, బండి ఖాళీగా నేల మీద ఉన్నప్పుడు పై బోల్టు నుంచి కింద బోల్టుకి టేపు పెట్టి కొలవండి, లోడుతో ఉన్నప్పుడు ఇంకోసారి కొలవండి. కొత్త షాకబ్జర్ పూర్తిగా సాగితే ఎంత, పూర్తిగా ముడిస్తే ఎంత అనేది షాపులోనే కొలుచుకోవచ్చు. మన రెండు కొలతలూ ఆ రెండింటి మధ్యలో పడాలి, రెండు పక్కలా కొంచెం చోటు మిగలాలి. మిగలకపోతే షాకబ్జర్ మార్చడం కాదు, ఆ పట్టీ తీయించడం మంచిది, నేను తీయించాను.

సముద్రం పక్కన తిరిగే బళ్ళకి ఇంకో తలనొప్పి, ఉప్పుగాలి. బారువ, భావనపాడు వైపు ఎక్కువ తిరిగే బళ్ళకి రాడ్డు మీద తుప్పు చుక్కలు లేస్తాయి, ఆ చుక్కలు గరుకు కాగితంలా సీలుని కోసేస్తాయి. రాడ్డు మీద కవరు ఉన్న రకమే తీసుకోండి, వారానికోసారి మంచినీళ్ళతో కింద కడిగించండి.

ఎప్పుడు మార్చాలి అంటే, కంపెనీవాళ్ళు మామూలుగా 20,000 కి ఒకసారి చూపించమంటారు, 80,000 దాటితే మార్చమంటారు, మన లోడుకీ మన రోడ్లకీ అంత రావు. నేను చేసేది చెప్తాను. గతుకుల రోడ్డు మీద ఓ అరగంట తోలి, ఆపగానే దిగి నాలుగు షాకబ్జర్లనీ ఒక్కోటి తాకి చూస్తాను, జాగ్రత్తగా, కాలుతుంది. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉందంటే ఆ ఒక్కటి పని చెయ్యట్లేదు, అందులో ఆయిలు నలగట్లేదు. దీనికి డబ్బులక్కర్లేదు, మేస్త్రీ అక్కర్లేదు. పైన కొంచెం తడిలా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ధారలా కింద దాకా కారితేనే పోయినట్టు. ఇక మార్చేటప్పుడు ఒక్కటే మార్చకండి, ఒక యాక్సిల్ కి రెండూ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే మలుపులో బండి ఒక పక్కకి తూలుతుంది. డబ్బులు చాలకపోతే ఈ నెల వెనక జత, వచ్చే నెల ముందు జత, అలా చేసుకోండి, కానీ జత విడదీయొద్దు.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకసారి కొరాపుట్ నుంచి అల్లం లోడుతో సుంకి ఘాట్ దిగుతున్నాను. వాన పడి వెలిసింది. ఒక మలుపులో బ్రేకు వేస్తే వెనక చక్రాలు గతుకుల మీద ఎగురుతున్నాయి, ఎగిరినంతసేపు టైరు రోడ్డుని పట్టుకోదు, పట్టుకోనప్పుడు బ్రేకు ఎంత తొక్కినా లాభం లేదు. బండి వెనక భాగం లోయ వైపుకి జారింది, ఎంతో కాదు, ఓ మూరెడు. ఆగింది. దిగి చూస్తే వెనక ఎడమ షాకబ్జర్ కింద బోల్టు దగ్గర బుష్షే లేదు, వట్టి ఇనుప కన్ను డగడగలాడుతోంది. నలభై రూపాయల రబ్బరు ముక్క. ఆ రోజు క్యాబిన్లో నా పక్కన మా తమ్ముడి కొడుకున్నాడు, సెలవులకి సరదాగా వస్తానంటే తీసుకెళ్ళాను. అప్పట్నుంచి షాకబ్జర్ అంటే సుఖం కోసం వేసేది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. డ్రైవర్ని పెట్టి బండి తిప్పించే ఓనర్లకి మరీ చెప్తున్నాను, సీట్లో కూర్చునేది మీరు కాకపోవచ్చు, కానీ అతనికి నడుముంది, ఇంట్లో పిల్లలున్నారు. అతను షాకులు పోయాయండీ అని చెప్తే ఇంకో నెల చూద్దాం అనకండి.

బిగించడంలో కూడా పాడుచేసేస్తారు, అందుకే దగ్గరుండి చేయించండి. కొత్త షాకబ్జర్ షాపులో పడుకోబెట్టి ఉంటుంది కాబట్టి లోపలి గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది, దాన్ని నిలబెట్టి, రాడ్డు పైకి ఉండేలా పట్టుకుని, ఐదారు సార్లు పూర్తిగా లాగి నొక్కితే గాలి పోయి పట్టు వస్తుంది. మొదటి రెండు నొక్కుళ్ళలో మధ్యలో ఖాళీగా జారినట్టు ఉండి, తర్వాత మొత్తం ఒకే బరువుతో కదులుతుంది, చేతికే తెలిసిపోతుంది. మెరిసే రాడ్డుని పట్టకారుతో గానీ పైప్ రెంచితో గానీ పట్టనివ్వకండి, ఒక్క గీత పడితే సీలు పోయినట్టే. ఇంకోటి, జాకీ మీద ఉన్నప్పుడు బోల్టులు పూర్తిగా బిగించేయకూడదు. చక్రాలు నేల మీదకి దింపాక, బండి బరువు కమాను మీద పడ్డాక అప్పుడు ఆఖరి బిగింపు బిగించాలి, లేదంటే రబ్బరు బుష్షు మెలితిరిగి ఉండిపోయి నెలలోనే చిరిగిపోతుంది. మా మేస్త్రీకి ఇది చెప్పక్కర్లేదు, అందరూ అలా ఉండరు.

ఇంతకీ మా బావ ఫోటో పంపించాడు. కుడిపక్క రెండో పట్టీ మధ్య బోల్టుకి జానెడు దూరంలో విరిగి ఉంది, విరిగిన చోట మెరుపు లేదు, తుప్పు పట్టేసింది, అంటే విరిగి చాన్నాళ్ళయింది. షాకబ్జర్లలో ఒకటి కారింది, ఒకటి బాగానే ఉంది. ముందు పట్టీ మార్పించమన్నాను, నిన్న మార్పించాడు, బండి లెవెల్ కి వచ్చీసింది బావా అని సాయంత్రం ఫోన్. ఇప్పుడు మామూలు హైడ్రాలిక్ జత, నాలుగు బుష్షులు, అంతే తెచ్చుకుని ఆదివారం నరసన్నపేట రమ్మన్నాను, మేస్త్రీకి చెప్పి ఉంచాను. పాత బోల్టులకి శనివారం రాత్రే కొంచెం డీజిలు పోసి ఉంచమన్నాను, ఉద్దానం గాలికి తుప్పు పట్టిన నట్టు పొద్దున్నే అంత తేలిగ్గా ఊడదు.